తెల్లబట్ట, దురద, మందుల సంచీ: ఏప్రిల్ నుంచి నవంబరు దాకా నా అనుభవం

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. మార్చి వచ్చిందంటే ఇయర్ ఎండింగ్, జ్వరం వచ్చినా సెలవు దొరకదు. 2025 మార్చిలో సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే జ్ఞానదంతం దగ్గర చిగురు వాచింది. పళ్ళ డాక్టరు అమోక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన మాత్రలు వారానికి రాసిచ్చాడు. వేసుకున్నాను, వాపు తగ్గింది, లెక్కలూ ముగిశాయి. ఈ పంటి గొడవ ఇక్కడెందుకంటే, మే నెలలో గైనకాలజిస్టు నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇదే: "ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

ఏప్రిల్ 6, శ్రీరామనవమి. గుడి దగ్గర పానకం కోసం లైన్లో నిలబడి ఉండగా కింద, యోని దగ్గర, దురద మొదలైంది. ఎండలు మండిపోతున్నాయి, చెమట వల్లేమో అనుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేస్తే కాస్త తగ్గినట్టే ఉంది. రాత్రికి మళ్ళీ మొదలు. మూడో రోజుకి తెల్లగా, గడ్డగడ్డలుగా, పెరుగు ముక్కల్లాంటి డిశ్చార్జ్ కూడా తోడైంది. వాసనేమీ లేదు. దురద మాత్రం ఎంతంటే, నిద్రలో తెలియకుండానే గోక్కుని పొద్దున లేచేసరికి నీళ్ళు తగిలినా మండేది.

ఇది అనుభవించని వాళ్ళకి చెప్పడం కష్టం. చైతన్యపురిలో మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగే దాకా చుట్టూ జనం మధ్య కదలకుండా నిలబడాలి. ఆఫీసులో మాటిమాటికీ బాత్రూంకి వెళ్తుంటే పక్క సీటు అమ్మాయి "ఏంటక్కా, లూజ్ మోషన్సా?" అంది. అవునన్నాను. అది చెప్పుకోవడానికి సిగ్గేం లేదు కదా!

ఇంట్లో అత్తయ్యకి చెబితే, "వేడి చేసిందమ్మా, ఎండల్లో తిరుగుతున్నావు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అన్నారు. తాగాను. బార్లీ నీళ్ళు కూడా కాచి ఇచ్చారు. ఎండాకాలంలో అవి ఒంటికి మంచివే, కాదనను. కింద ఉన్న దురదకి మాత్రం వాటి వల్ల ఏమీ కాలేదు. మావారికి నాలుగైదు రోజులు చెప్పలేదు. రాత్రుళ్ళు ఆయన నిద్రపోయాక ఫోన్లో వెతికేదాన్ని. వెతికిన ప్రతిసారీ "లైంగికంగా వ్యాపించే" అన్న మాట ఎక్కడో ఒకచోట కనిపించేది. ఆయన మీద అనుమానం రాలేదు గానీ, చెబితే ఆయనకి నా మీద వస్తుందేమోనని భయం వేసింది. పదేళ్ళ కాపురం తర్వాత కూడా అలాంటి ఆలోచన వస్తుందని నాకే తెలియదు.

ఏప్రిల్ 12, శనివారం. ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్ళాను. లేడీ డాక్టరే. ఫీజు 400. గంటంబావు కూర్చున్నాక నా వంతు వచ్చింది. లోపల పట్టుమని రెండు నిమిషాలు కూడా లేను. "వైట్ డిశ్చార్జా? దురద ఉందా?" ఉందన్నాను. అప్పటికే పెన్ను కదులుతోంది. మంచం ఉంది, తెర ఉంది, పడుకోమని అనలేదు. అదేమిటని అడిగితే "ఇన్ఫెక్షన్ అమ్మా, అందరికీ వస్తుంది" అన్నారు. ఏ ఇన్ఫెక్షన్ అని అడిగేలోపే తర్వాతి పేషెంటు తలుపు దగ్గరికి వచ్చేసింది.

మందుల షాపులో బిల్లు 1,140 అయింది. ఒక కిట్: అందులో ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మాత్ర ఒకటి, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒకటి, సెక్నిడజోల్ రెండు. మూడు రాత్రులు లోపల పెట్టుకునే మెత్తటి క్యాప్సూల్స్, క్లిండమైసిన్, క్లోట్రిమజోల్ కలిసినవి. ఒక క్రీము ట్యూబు. ఒక ఇంటిమేట్ వాష్ సీసా. ఒక కాల్షియం డబ్బా. కాల్షియం ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

కిట్‌లోవన్నీ ఒకే పూట వేసుకోమన్నారు. ఆ రాత్రంతా కడుపులో తిప్పేసింది, నోరంతా ఇనుము నాకినట్టు చేదు. లోపల పెట్టుకునే క్యాప్సూల్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను: పడుకునే ముందే, బాత్రూం పని పూర్తి చేసుకుని వచ్చాక పెట్టుకోవాలి. రాత్రికి కరిగి పొద్దున లేవగానే కారుతుంది. అది చూసి రోగం ముదిరిందని మొదటి రోజు బెంబేలెత్తిపోయాను. ప్యాడ్ పెట్టుకుని పడుకుంటే దుప్పట్లు పాడవవు. ఇంకోటి, ఈ రకం క్రీముల్లో, క్యాప్సూల్స్‌లో ఉండే నూనె పదార్థం వల్ల కండోమ్ రబ్బరు బలహీనపడి చిరిగే ప్రమాదం ఉందట. దాని మీదే ఆధారపడే వాళ్ళకి చాలా అవసరమైన విషయం. నాకిది నెల తర్వాత వేరే డాక్టరు చెబితే తెలిసింది.

క్రీము మాత్రం అద్భుతంగా పనిచేసింది. పూసిన అరగంటకే దురద మాయం. హమ్మయ్య అనుకుని మావారికి అప్పుడే విషయం చెప్పాను. నేను భయపడినట్టు ఆయన ఏమీ అనలేదు. "ముందే చెప్తే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదా" అన్నారు, అంతే.

ఏప్రిల్ నెలాఖరుకి అంతా తిరిగొచ్చింది. ఈసారి దురద ఇంకా ఎక్కువ, చర్మం ఎర్రబడి సన్నటి చీలికలు పడ్డాయి, మూత్రానికి వెళ్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. క్రీము రాసినంత సేపు బాగుండేది, మానేస్తే రెట్టింపు. అదే క్లినిక్‌కి ఫోన్ చేస్తే, యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా అయ్యుంటుంది, కల్చర్ చేయించమన్నారు. మే 3న శాంపిల్ ఇచ్చాను, 550 రూపాయలు. మూడు రోజులు ఆగితే రిపోర్టు వచ్చింది: ఏ క్రిమీ పెరగలేదు. "అయితే ఇంకోసారి అదే కిట్ వాడండి" అని వాట్సాప్‌లో మెసేజ్. దాన్ని కొనలేదు.

ఆఫీసులో నాకన్నా సీనియర్ ఒకావిడ ఉన్నారు, ఆవిడకి విషయం చెప్పాను. హిమాయత్‌నగర్‌లో ఆవిడ వెళ్ళే గైనకాలజిస్టు ఫోన్ నంబరు ఇచ్చి, "ఆవిడ చూడకుండా మందు రాయదు, ఓపిగ్గా వెళ్ళు" అన్నారు. సోమవారం ఫోన్ చేస్తే మే 17 శనివారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఫోన్లో రిసెప్షన్ అమ్మాయి చెప్పిన జాగ్రత్తలు నాకు కొత్త. పీరియడ్స్‌లో ఉంటే ఆ రోజు రావద్దు. వచ్చే ముందు రెండు రోజులు లోపల ఏ మందూ పెట్టుకోవద్దు, కలయిక వద్దు, లోపల నీళ్ళు కొట్టి కడగొద్దు. రక్తం వల్లా వీర్యం వల్లా అక్కడి పీహెచ్, అంటే ఆమ్లం ఎంత ఉందో చెప్పే అంకె, మారిపోతుందట, పరీక్ష తప్పు చూపిస్తుందట. కవర్లో పాత చీటీలు తేవడమొక్కటే తెలిసిన నాకు, వాడుతున్న ట్యూబులూ సీసాలూ కూడా పట్టుకురమ్మనడం వింతగా అనిపించింది.

అక్కడ ఫీజు 800. వెయిటింగ్ మళ్ళీ గంటన్నర. ఒక చిన్న చిరాకు: "ప్రాబ్లం ఏంటి మేడమ్?" అని ఇంకో అమ్మాయి అందరి ముందూ గట్టిగా అడిగింది. నేను "డాక్టరుకే చెప్తాను" అన్నాను, ఆమె పుస్తకంలో "జనరల్" అని రాసుకుంది. అలా అనొచ్చని చాలామందికి తెలియదు, అనండి.

డాక్టరుకి అరవై దాటి ఉంటాయి. పంటి మందుల సంగతి అడిగారు. చివరి పీరియడ్ తేదీ అడిగారు, ప్రెగ్నెన్సీ వచ్చే అవకాశం ఉందా అని రెండుసార్లు అడిగారు. మా బాబు పుట్టినప్పుడు షుగర్ వచ్చిందా అన్నారు. వచ్చింది, ఏడో నెల నుంచి ఇన్సులిన్ వేసుకున్నాను, కాన్పు కాగానే మానిపించారు. "తర్వాత ఎప్పుడైనా షుగర్ చూపించుకోమన్నారా?" ఎవరూ అనలేదు. "ఇలాంటి దురద ఇంతకు ముందు వచ్చిందా?" పోయిన దసరాకీ, సంక్రాంతి తర్వాతా కొద్దికొద్దిగా వచ్చి షాపు క్రీముతో తగ్గిన సంగతి చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చీటీ మీద ఏదో రాసుకున్నారు.

తర్వాత ట్యూబు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివారు. "ఇందులో క్లోబెటాసోల్ ఉంది. స్టెరాయిడ్. దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, కింద ఫంగస్ హాయిగా పెరుగుతుంది. చర్మం పల్చబడుతుంది." చెప్పి ట్యూబుని ఎర్రడబ్బాలో పడేశారు. అడిగి పడేస్తే బాగుండేది, 160 రూపాయలు పెట్టి కొన్నాను మరి.

లోపల పరీక్ష అంటే నాకు కాన్పు నాటి జ్ఞాపకాలే, చేతులు చల్లబడ్డాయి. ముందు బాత్రూంకి వెళ్ళి రమ్మన్నారు. తెర వేసి, నర్సును పక్కన నిలబెట్టారు. లోపల చూడడానికి పెట్టే స్పెక్యులమ్ ప్లాస్టిక్‌ది, వాడి పారేసేది. నా ముందే కవరు చింపారు. చర్మం అప్పటికే చీలి ఉంది కాబట్టి మండింది, అబద్ధం చెప్పను. "పిరుదులు మంచానికి ఆనించండి, నోటితో ఊపిరి వదలండి" అని నర్సు చెబుతూ నా మోచెయ్యి పట్టుకుంది. మొత్తం కలిపి పాట ఒకటి అయిపోయేంత సేపు కూడా పట్టలేదు.

దూది పుల్లతో తీసిన తడిని ఒక కాగితం ముక్క మీద అద్దారు. కాగితం పసుపుగానే ఉండిపోయింది. డబ్బా మీద రంగుల వరస ఉంది, దాని పక్కన పెట్టి చూసి "నాలుగు" అన్నారు. అది మామూలు అంకెట. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అక్కడ లాక్టోబాసిలస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ యాసిడ్ తయారుచేసి పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. ఈస్ట్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె సాధారణంగా మారదు. మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగే బ్యాక్టీరియల్ వజినోసిస్ అయినా, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అయినా 4.5 దాటుతుంది.

అదే తడిలో కొంచెం ఒక అద్దపు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలిపి, పక్క గదిలోని మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్ళారు. నేను బట్టలు సర్దుకుని వెళ్ళేసరికి "రా, చూడు" అన్నారు. కన్ను ఆనించాను. మొదట ఏమీ కనిపించలేదు, నా కనురెప్పల వెంట్రుకలే. ఆవిడ చక్రం తిప్పాక తేటపడింది. బూడిదరంగు మసక మధ్యలో పొడవాటి సన్నటి గొట్టాలు, అడ్డంగా గీతలు, కొన్ని చోట్ల కొమ్మలుగా చీలి, పక్కన గుండ్రటి చిన్న మొగ్గలు. "కాండిడా అనే ఈస్ట్. నెలన్నర నుంచి నిన్ను నిద్రపోనివ్వనిది ఇదే" అన్నారు. నాకు కోపం రావాల్సింది, ఎందుకో ఏడుపొచ్చింది. దానికో పేరుంది, ఆకారం ఉంది, అది నా కంటికి కనిపించింది. పళ్ళ కోసం వాడిన యాంటీబయాటిక్ ఆ మంచి బ్యాక్టీరియాని తగ్గించేసి ఉండవచ్చనీ, తర్వాత కిట్‌లోని మరో యాంటీబయాటిక్, పైన స్టెరాయిడ్ కలిసి దీనికి దారి ఇంకా సుగమం చేశాయనీ ఆవిడ అంచనా.

నేను అడగలేక అడిగిన ప్రశ్న: ఇది మావారి నుంచి వచ్చిందా? ఈస్ట్‌ని లైంగిక వ్యాధిగా లెక్కించరని చెప్పారు. ఆయనకి దురదో ఎర్రదనమో ఉంటే చూపించమన్నారు, లేకపోతే మందు అక్కర్లేదు. ట్రైకోమోనాస్ అయితే మాత్రం భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాల్సిందే. అది నురగగా, పచ్చగా, వాసనతో వస్తుందట, కొందరిలో ఏ లక్షణమూ ఉండదట కూడా. మెట్లు దిగుతూనే మావారికి ఫోన్ చేశాను. ఆయన ఊపిరి పీల్చుకున్న శబ్దం ఫోన్లో వినిపించింది. అంటే ఆయనకీ టెన్షన్ ఉందన్నమాట, పైకి అనలేదంతే.

మందు ఆశ్చర్యంగా చిన్నది. ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములు, ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు. పైన రాయడానికి ఒట్టి క్లోట్రిమజోల్ క్రీము, స్టెరాయిడ్ లేనిది. ఇంటిమేట్ వాష్ బంద్. లోపల ఏమీ పోయకూడదు, బయట మామూలు నీళ్ళు చాలు. డెట్టాల్ వేసి కడుక్కుంటున్నానని చెబితే ఆవిడ మొహం చిట్లించారు. ఆఫీసుకి లెగ్గింగ్స్ బదులు వదులు కాటన్ ప్యాంటు. ఇంకా స్వాబ్ కల్చర్‌కి పంపారు (900), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), లివర్ టెస్టు రాశారు (రెండూ కలిపి 1,050). ఫ్లుకొనజోల్ ఒక్కో మాత్ర నేను కొన్న షాపులో 20 రూపాయల లోపే. కిట్‌లో ఉన్నదీ ఇదే మాత్ర కదా, అది ఎందుకు పనిచేయలేదని అడిగాను. ఒక్క డోసు మామూలు ఇన్ఫెక్షన్‌కి సరిపోతుంది, చర్మం చీలేంత తీవ్రంగా ఉన్నప్పుడూ, మాటిమాటికీ తిరిగొస్తున్నప్పుడూ చాలదన్నారు. మా తోడికోడలికి అప్పుడు నాలుగో నెల. నా చీటీ చూసి ఆమె కూడా అదే కొనేసుకుంటుందేమోనని అడిగి తెలుసుకున్నాను: గర్భంతో ఉన్నవాళ్ళు ఈ మాత్ర వేసుకోకూడదు, వాళ్ళకి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ వారం రోజులు ఇస్తారు. డాక్టరు నా చివరి పీరియడ్ గురించి, ప్రెగ్నెన్సీ గురించి అన్నిసార్లు అడిగింది ఇందుకే.

రెండో మాత్ర వేసుకున్న మర్నాడు రాత్రి ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. పొద్దున లేచి గడియారం చూసి నమ్మలేదు. స్టెరాయిడ్ మానేసినందుకు మొదటి మూడు నాలుగు రోజులు మాత్రం నరకమే. అది ముందే చెప్పి ఉన్నారు కాబట్టి తట్టుకున్నాను. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ వేసుకుంటే కొంత ఉపశమనం.

కల్చర్ రిపోర్టు ఐదు రోజులకి వచ్చింది: కాండిడా ఆల్బికన్స్. మామూలు రకమే, మామూలు మందుకి లొంగేదే. హెచ్‌బీఏ1సీ 6.0. షుగర్ వ్యాధి అనరు గానీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ. దురదకి అదే కారణమని చెప్పలేం, అయినా గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాలి, నీకు చెప్పకపోవడం అన్యాయం అన్నారు. దురద కోసం వెళ్ళి షుగర్ సంగతి తెలుసుకుని వచ్చాను. ఆ రోజు నుంచి అత్తయ్య రాత్రిపూట జొన్నరొట్టె చేస్తున్నారు, తనకోసం కూడా.

పోయిన దసరా నుంచి లెక్కేస్తే ఏడాది లోపే మూడోసారి కాబట్టి దీన్ని తిరగబెట్టే రకం కింద చూస్తారట. అందుకని వారానికో ఫ్లుకొనజోల్, ఆరు నెలలు. శనివారం టిఫిన్ తర్వాత అని పెట్టుకున్నాను. జూలై 12న వెళ్తే, ముప్పై దాటినా ఎప్పుడూ పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) చేయించుకోలేదు కదా అని అది తీశారు, 1,000 రూపాయలు. మేలోనే తీయొచ్చు కదా అంటే, ఇన్ఫెక్షన్ మంట మీద ఉన్నప్పుడు తీస్తే స్లైడు సరిగ్గా కనిపించదన్నారు. వారంలో రిపోర్టు వచ్చింది, మామూలుగా ఉంది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆగస్టు 8 వరలక్ష్మీవ్రతం. పట్టుచీర కట్టుకుని ముత్తైదువులకి వాయనాలు ఇస్తుండగా నా దగ్గరే ఏదో నీచు వాసన. రెండు మూడు రోజులుగా పల్చగా, బూడిదరంగులో డిశ్చార్జ్ ఉంది గానీ దురద లేదు కాబట్టి పట్టించుకోలేదు. వాసన కలయిక తర్వాత మరీ ఎక్కువయ్యేది. వాయనం అందుకుంటున్న పక్కింటి పిన్నిగారికి తెలిసిపోతుందేమోనని చెయ్యి చాచి దూరం నుంచే తాంబూలం ఇచ్చాను. ఇంట్లో ఫ్లుకొనజోల్ స్ట్రిప్పు ఉంది, ఇంకోటి ఎక్కువ వేసుకుంటే పోతుందేమో అన్న ఆలోచన రాకపోలేదు. మావారే "ముందు చూపించు" అని పట్టుబట్టారు.

ఈసారి పీహెచ్ కాగితం ఆకుపచ్చకి తిరిగింది, ఐదు దాటింది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పడగానే గదిలో అదే నీచు వాసన గుప్పుమంది. దీన్నొక పరీక్షగానే లెక్కేస్తారట. మైక్రోస్కోపులో మేలో చూసిన గొట్టాలు లేవు. ఒంటి కణాల అంచులు కనిపించకుండా చుట్టూ సన్నటి చుక్కలు అతుక్కుని ఉన్నాయి, క్లూ కణాలు అంటారట. పల్చటి డిశ్చార్జ్, పీహెచ్, వాసన, క్లూ కణాలు, ఈ నాలుగింట్లో మూడుంటే బ్యాక్టీరియల్ వజినోసిస్. నాకు నాలుగూ ఉన్నాయి. నేను సొంతంగా వేసుకుందామనుకున్న ఫంగస్ మాత్ర దీన్ని ఏమీ చేయదు. మందు మెట్రోనిడజోల్ 400, రోజుకి రెండు, ఏడు రోజులు. స్ట్రిప్పు ఖరీదు చెబితే నవ్వుతారు, ఆ రోజు ఆటోకే ఎక్కువైంది. ఆ వారం మద్యం ముట్టకూడదన్నారు, ఆల్కహాల్ ఉండే దగ్గు మందులు కూడా వద్దన్నారు. నోట్లో ఇనుము రుచి ఏడు రోజులూ ఉంటుంది. ఉసిరికాయ బుగ్గన పెట్టుకుంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

దీనికి మావారు మందు వాడాలా అని ఈసారి ధైర్యంగానే అడిగాను. ఇన్నాళ్ళూ మగవాళ్ళకి అక్కర్లేదనే అనేవాళ్ళం, 2025 మార్చిలో ఆస్ట్రేలియా వాళ్ళ పరిశోధన వచ్చింది, భర్తకి కూడా మాత్రలూ పైపూతా ఇస్తే తిరగబెట్టడం బాగా తగ్గిందని అందులో తేలింది, నీకిది మొదటిసారి కాబట్టి ఇప్పుడు వద్దు, మళ్ళీ వస్తే ఇద్దరికీ ఇస్తాను అన్నారు. అంత వయసావిడ ఆ ఏడాది వచ్చిన సంగతి చెప్పడం నాకు నచ్చింది. బతుకమ్మ నాటికి వాసన, డిశ్చార్జ్ రెండూ లేవు.

మా ఇంట్లో పనిచేసే అక్కకి సెప్టెంబరులో ఇలాంటిదే వచ్చింది. 800 ఫీజు ఆమె ఎక్కడ పెట్టుకుంటుంది? వాళ్ళ బస్తీ దవాఖానాలో చూపిస్తే పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ ఇలాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్‌లో పరీక్ష చేసి, ఆకుపచ్చ ప్యాకెట్ ఉచితంగా ఇచ్చారు. కిట్ 2 అంటారు, అందులో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ ఉంటాయి. "నన్ను పడుకోబెట్టి చూసిండ్రమ్మా" అని చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే మధ్యాహ్నం దాటింది, ఒక రోజు కూలి పోయింది. సర్కారు దవాఖానాలో ఉచితంగా దొరికిన ఆ చూపు నాకు ఏప్రిల్‌లో 400 పెట్టినా దొరకలేదని మాత్రం అనిపించింది.

మొత్తం ఖర్చు లెక్క రాసి పెట్టుకున్నాను, వృత్తి అలాంటిది. మొదటి క్లినిక్, కిట్, యూరిన్ కల్చర్ కలిపి 2,090. రెండో డాక్టరు దగ్గర ఫీజులు, టెస్టులు, పాప్ స్మియర్, మందులు, ఆటోలు కలిపి ఏడు వేల చిల్లర. అందులో అసలు పనిచేసిన మందుల వాటా వెయ్యి కూడా లేదు. ఆఫీసు ఇన్సూరెన్సులో ఓపీ ఖర్చులు రావు.

వారం మాత్ర నవంబరు 22న ఆఖరిది వేసుకున్నాను. ఆపేశాక కొంతమందికి మళ్ళీ వస్తుందని డాక్టరు ముందే చెప్పారు. వస్తే ఇంట్లో ఉన్నవేవీ పూయకుండా, లోపల ఏదీ పెట్టకుండా నేరుగా వచ్చి స్లైడు ఇవ్వమన్నారు. ఫిబ్రవరిలో హెచ్‌బీఏ1సీ మళ్ళీ చూడాలి.